రెండు చుక్కలు, ఒక సుద్దముక్క: పల్స్ పోలియో సేవపై ఒక తండ్రి సమీక్ష

2024 మార్చి 3, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు హైదరాబాద్‌లోని మా కాలనీ కమ్యూనిటీ హాలు ముందు పెట్టిన పోలియో చుక్కల కేంద్రానికి మా రెండున్నరేళ్ల పాపను ఎత్తుకుని వెళ్లాను. వెళ్లి బయటపడడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల గురించే రాయాలంటే ఈ సమీక్ష ఇక్కడే ముగిసేది: వరుసలో నిలబెట్టలేదు, డబ్బు అడగలేదు, ఆధార్ కార్డు అడగలేదు, పాప ఏడవలేదు. కాని ఈ సేవను బూత్ దగ్గర నిలబడి బేరీజు వేయడం, పెళ్లి భోజనాన్ని మొదటి పంక్తి విస్తళ్లు చూసి మెచ్చుకోవడం లాంటిది. చివరి పంక్తిలో కూర్చున్నవాళ్లకు ఏమి వడ్డించారో చూడనిదే వంటవాడికి మార్కులు వేయకూడదు. అందుకే ఆ ఆదివారంతో ఆగకుండా, తర్వాత రెండు రోజులూ మా గేటు దగ్గరా, మా వెనుక వీధిలోనూ చూసినది కూడా కలిపి రాస్తున్నాను.

బూత్ అంటే ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు వేపచెట్ల మధ్య కట్టిన ఫ్లెక్సీ. అంగన్‌వాడీ టీచర్ ఒకరు, ఆశా కార్యకర్త ఒకరు, పేర్లు రాసుకోవడానికి ఒక నర్సింగ్ విద్యార్థిని. బల్ల మీద నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్ ఉంది. దాని నాలుగు గోడల వెంట నాలుగు ఐస్ ప్యాకులు నిలబెట్టి, మధ్యలో జిప్ కవరులో చిన్న సీసాలు పెట్టారు. ఒక్కో సీసాలో 20 డోసులుంటాయి. మందు లేత గులాబీ రంగులో ఉంటుంది. లేబుల్ మీద భారత్ బయోటెక్ పేరు చూసి, మన నగరం శివార్లలోని జీనోమ్ వ్యాలీ సరుకు మన పిల్లల నోట్లోనే పడుతున్నదని కాస్త సంతోషించాను.

ఆ సీసా మీద ఉండే ఒక చిన్న గుర్తు గురించి తల్లిదండ్రులందరికీ తెలియాలని నా కోరిక. ఊదారంగు గుండ్రం, దాని లోపల తెల్లని చదరం. దానిని వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) అంటారు. చుక్కల మందు వేడికి ఎంత త్వరగా చెడుతుందంటే, ఆరోగ్య శాఖ గోదాముల్లో దానిని మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డ కట్టించి దాస్తారు. సీసాకు వేడి తగిలిన కొద్దీ లోపలి చదరం ముదురుతూ వస్తుంది. అది బయటి గుండ్రం రంగును అందుకుంటే ఆ సీసా ఇక పనికిరాదు. మా ఆవిడ మందుల విషయంలో అనుమానస్తురాలు కనుక, ఆమె తరఫున నేనే చూపించమని అడిగాను. ఆశా కార్యకర్త విసుక్కోకుండా సీసా నా కళ్ల ముందుకు తెచ్చి, "జూడున్రి సార్, లోపలి డబ్బ ఇంకా తెల్లగనే ఉన్నది. గుండ్రం రంగుకొస్తే మేమే పారేస్తం" అన్నది. తర్వాత పాప బుగ్గలు రెండు వేళ్లతో మెల్లగా నొక్కి, నోరు తెరుచుకోగానే రెండు చుక్కలు వేసి, మింగిందో లేదో చూసి, ఎడమచేతి చిటికెన వేలి గోరు మీద మార్కర్‌తో గీత గీసింది. పాప మొహం చిట్లించి, వెంటనే ఆ నల్లగోరును చూసుకుని ముచ్చటపడింది. బిడ్డ ఉమ్మేస్తే మళ్లీ వేస్తారు. పాలిచ్చే తల్లులు చుక్కలయ్యాక పాలు మాన్పించనక్కరలేదు. ఈ రెండు మాటలూ అడగకముందే చెప్పినందుకు వాళ్లకు అదనంగా ఒక మార్కు.

ఇంతకూ ఈ రెండు చుక్కలు ఏమి చేస్తాయన్నది నాకు మా పాప వల్ల కాక, 2016లో మా అబ్బాయి వల్ల తెలిసింది. అప్పుడు వాడికి రెండేళ్లు. ఆ ఏడాది జూన్ 20 నుంచి 26 వరకు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలలో ఎంపిక చేసిన బస్తీలలో 6 వారాల నుంచి 3 ఏళ్ల మధ్య పిల్లలకు చుక్కలకు బదులు ఇంజెక్షన్ వేశారు. 3 లక్షల మందికి పైగా పిల్లలకు వేశారు. మా వాడు కుడిభుజం మీద బొబ్బలా లేచిన చిన్న పొంగును పట్టుకుని సాయంత్రం దాకా రాగం తీశాడు. చుక్కలు ఉండగా సూది ఎందుకని అక్కడ అడిగితే, "పైనుంచి ఆర్డర్" అన్న మాట తప్ప మరో మాట రాలేదు. వారం రోజుల పాటు మా వీధిలో పుకార్లకు కొదవ లేకపోయింది. ఈ సేవ మీద నా మొదటి ఫిర్యాదు అదే, ఎనిమిదేళ్ల తర్వాత కూడా అది మాసిపోలేదు. ఎందుకంటే దాని వెనుక ఉన్న కారణం దాచుకోవలసినది కాదు, నాలుగు వాక్యాలలో చెప్పి మెప్పించగలిగినది.

పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. వాటిలో టైప్ 2 సహజ వైరస్, అంటే మందులోది కాక ప్రకృతిలో తిరిగే రకం, ప్రపంచంలో చివరిసారిగా కనబడింది మన దేశంలోనే, 1999లో ఉత్తర ప్రదేశ్‌లోని అలీగఢ్‌లో. అది పూర్తిగా అంతరించిందని 2015 సెప్టెంబరులో ప్రకటించారు. చుక్కల మందును బలహీనపరిచిన వైరస్‌తోనే చేస్తారు; లేని శత్రువు కోసం అందులో బతికున్న టైప్ 2ను కొనసాగించడం వల్ల మేలు కన్నా ముప్పే ఎక్కువ కనుక, 2016 ఏప్రిల్ 25న దేశమంతా ఒకే రోజున ఆ రకాన్ని చుక్కల నుంచి తీసివేసి, టైప్ 1, టైప్ 3 మాత్రమే ఉన్న మందుకు మారారు. ఆ తర్వాత కొద్దికాలానికే మన నగరపు మురుగునీటి నమూనాలో, పాత చుక్కల మందు నుంచి మార్పులు చెందుతూ వచ్చిన టైప్ 2 వైరస్ ఆనవాలు దొరికిందన్న సంగతి బయటపడింది. ఏ బిడ్డకూ కాలు పడిపోలేదు, మురుగు మాత్రమే ముందుగా చెప్పింది. కొత్త చుక్కలలో టైప్ 2 లేదు. పాత చుక్కలు వేస్తే అదే వైరస్‌ను మళ్లీ వీధిలోకి వదిలినట్టవుతుంది. మిగిలింది చంపిన వైరస్‌తో చేసిన ఇంజెక్షన్ ఒక్కటే. మామూలు డోసులో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలోకి ఎక్కించి సరఫరాను అంతమంది పిల్లలకు సరిపెట్టారు. ఇంత తెలివైన పని చేసి, దాని గురించి ఒక్క కరపత్రం కూడా మా చేతిలో పెట్టకపోవడమే నా బాధ.

చుక్కలకూ సూదికీ ఉన్న తేడాలోనే ఈ సేవ అసలు విలువ దాగి ఉంది. పోలియో వైరస్ నోటి ద్వారా లోపలికి వెళ్లి, గొంతులోనూ పేగులలోనూ పెరిగి, మలం ద్వారా బయటపడి, కడగని చేతుల మీదుగా, కలుషితమైన నీటి మీదుగా మరో బిడ్డ నోటికి చేరుతుంది. సోకిన ప్రతి 200 మందిలో సుమారు ఒక్కరికే అది వెన్నుపాములోని నాడీకణాలను చంపి కాలో చెయ్యో శాశ్వతంగా చచ్చుబడేలా చేస్తుంది. మిగిలినవారిలో అత్యధికులకు ఏ లక్షణమూ కనబడదు. అంటే ఒక బిడ్డ కాలు పడిపోయిందని తెలిసేసరికి, ఆ చుట్టుపక్కల వందల మంది పిల్లల కడుపులలో వైరస్ చడీచప్పుడూ లేకుండా కాపురం చేసి ఉంటుంది. ఇంజెక్షన్ రక్తంలో రక్షణ కల్పించి, వైరస్ నాడుల దాకా పోకుండా అడ్డుకుంటుంది కనుక మీ బిడ్డ కాలు భద్రం. కాని పేగులలో వైరస్ పెరగడాన్ని, బయటికి పోవడాన్ని అది పెద్దగా ఆపలేదు. చుక్కలలో ఉండేది బలహీనపరిచిన, బతికున్న వైరస్. అది అసలు వైరస్ నడిచే దారిలోనే నడిచి, పేగు గోడ దగ్గరే కాపలా పెట్టిస్తుంది. ఆ తర్వాత అసలు వైరస్ వచ్చినా పెరగడానికి చోటు దొరకదు, పక్కింటికి పోవడానికి బండి దొరకదు. పైగా ఆ బలహీన వైరస్ కూడా కొన్ని వారాలు మలంలో బయటికి వచ్చి, ఆటల్లో కలిసే పిల్లల్లో కొందరికి తానే ఒక డోసుగా చేరుతుంది. బూత్‌కు రాని బిడ్డకు కూడా కొంత అందించే మందు నాకు తెలిసి ఇదొక్కటే.

ఇది కాగితం మీది వాదన కాదనడానికి ఇజ్రాయెల్ అనుభవం చాలు. 2005 నుంచి అక్కడ ఇంజెక్షన్ మాత్రమే ఇచ్చేవారు. దాదాపు అందరు పిల్లలకూ అందేది. అయినా 2013లో అక్కడి మురుగునీటిలో టైప్ 1 సహజ వైరస్ బయటపడింది. ఒక్కరికీ పక్షవాతం రాలేదు, కాని వైరస్ మాత్రం టీకా వేసుకున్న పిల్లల పేగుల మీదుగానే నెలల తరబడి తిరిగింది. దానిని ఆపడానికి ఆ దేశం మళ్లీ చుక్కల సీసా తెరవవలసి వచ్చింది. ఆ కార్యక్రమానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా "రెండు చుక్కలు".

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఒకటుంది: అన్ని డోసులూ వేయించాక మళ్లీ ఎందుకు? పుట్టగానే ఒకటి, 6, 10, 14 వారాలకు ఒక్కొక్కటి, ఏడాదిన్నర ప్రాంతంలో బూస్టర్. వీటితో పాటు ఇప్పుడు 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఇంజెక్షన్. ఇన్ని ఉండగా ఆదివారం పూట ఈ హడావిడి ఏమిటని అడగడం తప్పేమీ కాదు. జవాబు ఉత్తరాదిలో దొరికింది. కిక్కిరిసిన ఇళ్లు, నీళ్ల విరేచనాలు, పేగులలో ముందే తిష్టవేసిన ఇతర సూక్ష్మజీవుల వల్ల చుక్కల వైరస్ చాలామంది పిల్లలలో పట్టు దొరక్క జారిపోయేది. ఉత్తర ప్రదేశ్‌లో అప్పటి మందు ఒక్కో డోసు టైప్ 1 మీద సుమారు 9 శాతమే పనిచేసినట్టు 2006లో వెలువడిన పరిశోధన లెక్క తేల్చింది. ఆ లెక్కన పది డోసులు పడిన బిడ్డకు కూడా రక్షణ దొరికే అవకాశం 61 శాతమే; ఇరవై పడితే 85 శాతం దాటదు. అందుకే అక్కడ మళ్లీ మళ్లీ వేశారు, మందునూ మార్చారు. 2005లో ఒకే రకం ఉన్న చుక్కలు, 2010లో రెండు రకాల చుక్కలు వచ్చాయి. 2009లో దేశంలో 741 కేసులుంటే 2010లో 42కు దిగాయి. 2011లో ఒక్కటే, జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో. ఆ తర్వాత సహజ వైరస్ కేసు లేదు. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. ఒకే రోజున కోట్లమంది పిల్లలకు వేయడంలోనూ లెక్క ఉంది: వైరస్‌కు ఆ వారం పొడవునా ఖాళీ కడుపు దొరకకూడదు.

ఇక లోపాలు. మా పాప పుట్టిన ప్రైవేటు ఆసుపత్రిలో, పుట్టగానే వేయవలసిన చుక్కలు వేయనేలేదు. అడిగితే అక్కడి సిస్టర్ "అవి గవర్నమెంట్ వాళ్లు వేస్తారండీ" అని, మరో ఖరీదైన టీకాల ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టింది. పదకొండో రోజున బస్తీ దవాఖానాకు తీసుకువెళ్లి వేయించాము. ఈ మొదటి డోసును పుట్టిన 15 రోజుల లోపు వేయించుకోవచ్చునని మాకు చెప్పింది అక్కడి నర్సు, ఏఎన్‌ఎం గారే. రెండో లోపం, పల్స్ పోలియో రోజున వేసిన చుక్కలను బిడ్డ టీకాల కార్డులో రాయరు. గోరు మీది సిరా నాలుగు స్నానాలకు పోతుంది, ఆ తర్వాత సాక్ష్యం ఏమీ మిగలదు. ఆ విద్యార్థిని రాసుకున్న పట్టికలో కూడా అంకెలే తప్ప పేర్లు పూర్తిగా లేవు.

మూడోది వీటన్నిటికన్నా పెద్దది, దానికి సగం బాధ్యత మాదే. సోమవారం నుంచి బృందాలు ఇల్లిల్లూ తిరుగుతాయి. ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు పక్కన సుద్దముక్కతో పీ అక్షరం రాస్తారు. ఎవరైనా మిగిలినా, తాళం వేసి ఉన్నా ఎక్స్ రాస్తారు. ఆ ఎక్స్ ఇళ్లకు మళ్లీ రావాలి. మా కాంప్లెక్సులో 96 ఫ్లాట్లున్నాయి. సోమవారం వచ్చిన ఇద్దరు మహిళలను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, "అందరికీ ఐపోయింది మేడం" అన్నాడు. ఆయనకు అలా చెప్పమని చెప్పింది మా కమిటీయే, మధ్యాహ్నం నిద్రకు భంగం కలుగుతుందని. వాళ్లు గేటు స్తంభం మీద పీ రాసి వెళ్లిపోయారు. ఆ రోజు మా పై అంతస్తులో ముప్పై అయిదు రోజుల పసిబిడ్డ ఉన్నాడు. తల్లి పుట్టింటి నుంచి ముందురోజు రాత్రే వచ్చింది. మా అక్క నాలుగేళ్ల కొడుకు కూడా ఉన్నాడు, న్యూజెర్సీ నుంచి పెళ్లికి వచ్చారు. మొత్తం తొంభై ఆరు ఫ్లాట్లకు ఒకే ఒక్క పీ. నేను మంగళవారం సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే ఆయన తగవులాడలేదు, వాదించలేదు. గంటన్నరలో అదే ఇద్దరిని వెనక్కి పంపారు. ఈసారి వాళ్లు లిఫ్టు ఎక్కి ప్రతి అంతస్తులోనూ తలుపు తట్టారు. మరో ముగ్గురు పిల్లలు బయటపడ్డారు.

మా అక్క మొదట ఒప్పుకోలేదు. వాళ్ల అబ్బాయికి అమెరికాలో ఇంజెక్షన్లన్నీ అయ్యాయి. 2000 నుంచి ఆ దేశంలో చుక్కలు లేవు. "మాకు అవసరమేంట్రా" అన్నది. ఇంజెక్షన్ వేసుకున్న బిడ్డకు చుక్కలు వేస్తే నష్టం లేదని, పేగుకు కాపలా అదనంగా దొరుకుతుందని చెప్పాను. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌ల్యాండ్ కౌంటీలో టీకా వేసుకోని ఒక యువకుడికి పోలియోతో పక్షవాతం వచ్చిన సంగతి ఆమెకే నాకన్నా బాగా తెలుసు, అది వాళ్ల ఊరికి ఎంతో దూరం కాదు. చివరికి అబ్బాయే నోరు తెరిచాడు, మా పాప నల్లగోరు చూసి తనకూ కావాలని.

చుక్కల వల్ల అపాయమే లేదని నేను రాయను. సుమారు 27 లక్షల డోసులలో ఒకసారి ఆ బలహీన వైరస్సే పక్షవాతం కలిగించవచ్చు, ఎక్కువగా మొదటి డోసుతో; పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపం ఉన్న పిల్లలకు చుక్కలు వేయకూడదు, డాక్టరుతో మాట్లాడి ఇంజెక్షన్ వేయించాలి. టీకాలు పడని పిల్లలు ఎక్కువగా ఉన్న చోట ఆ బలహీన వైరస్ ఒకరి నుంచి ఒకరికి చాలాకాలం పాకి మళ్లీ బలం పుంజుకోగలదు కూడా. 2024 ఆగస్టులో మేఘాలయలోని వెస్ట్ గారో హిల్స్ జిల్లాలో ఒక చిన్నారికి సోకింది ఇలా టీకా నుంచి పుట్టిన రకమే. విచిత్రమేమిటంటే, ఈ ముప్పుకు కూడా అందరికీ చుక్కలు పడడమే విరుగుడు. ఇంజెక్షన్‌ను టీకాల పట్టికలో చేర్చింది కూడా ఇందుకే. సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో 2021లో ఒకే ఒక్క సహజ వైరస్ కేసు ఉంటే 2024లో 74 నమోదయ్యాయి. బృందాలు వెళ్లలేని ఇళ్లు పెరిగితే ఏమవుతుందో చూడడానికి అంతకన్నా దూరం వెళ్లనక్కరలేదు.

మార్కుల సంగతి. మందుకు పదికి తొమ్మిది, వేసేవాళ్ల ఓపికకు పదికి పది, వివరించి చెప్పడానికి పదికి నాలుగు, గేటెడ్ కాంప్లెక్సులలో పనితీరుకు అయిదు. ఆ అయిదులో మూడు మంగళవారం వెనక్కి వచ్చినందుకు.

మంగళవారం సాయంత్రం వాళ్లతో పాటే నేను మా వెనుక వీధిలో కడుతున్న టవర్ దగ్గరి కూలీల రేకుల షెడ్లకు వెళ్లాను. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలు; పగలు వెళితే తాళాలే ఉంటాయని, అక్కడికి ఏడు గంటలకు వెళ్లడం వాళ్లకు అలవాటట. ప్రతి రేకు తలుపు మీదా పగటిపూట రాసిన ఎక్స్ ఉంది. తల్లులు పొయ్యిల దగ్గర నుంచి పిల్లలను ఎత్తుకుని వచ్చి తమంతట తామే వరుస కట్టారు; ఒకామె హిందీలో తన ఊళ్లో కూడా ఇలాగే వేస్తారని చెప్పింది. పద్నాలుగో బిడ్డ దగ్గర సీసా ఖాళీ అయింది. ఆశా కార్యకర్త క్యారియర్‌లో నుంచి కొత్త సీసా తీసి, నన్ను ఫోన్ టార్చి పట్టుకోమని, చదరం తెల్లగా ఉందో లేదో ఆ వెలుతురులో తిప్పి చూసి, మూత విప్పింది. రెండో ఆమె చేతిలోని సుద్దముక్కతో తలుపు మీది ఎక్స్ పక్కన పీ రాస్తూ, లోపలికి తొంగి చూసి అడిగింది: "ఔర్ కోయీ బచ్చా హై క్యా, అమ్మా?"